ఈసారి ఫాల్ పొట్టిగా ఉంటుంది

ఉద్యోగం దొరికిన కొత్తలో మనిషికి నోరు కొంచెం ఎక్కువ పనిచేస్తుంది. తార్నాకలో నాకు మొదటి ఉద్యోగం వచ్చిన ఆ రోజుల్లో నా నోరు ఓవర్‌టైమ్ కూడా చేసేది. క్యాంపస్‌లో జాగ్రఫీ ఎమ్మెస్సీ ముగిసి నెలలు గడిచినా నేను హాస్టల్ వదలకపోయేసరికి, వార్డెన్ సారు నా ట్రంకుపెట్టెను గౌరవంగా వరండాలో పెట్టించాడు. అదే వారం ఒక టిఫిన్ సెంటర్ మేడమీద, రెండు గదుల ఆఫీసులో పని దొరికింది. కెనడాలో పడమటి వైపు ప్రెయిరీలని మహా మైదానాలున్నాయి, కనుచూపు మేరా గోధుమ చేలే. అక్కడి రైతులు చదువుకునే వెబ్‌సైటుకు, ఆ ఏడు శరదృతువు ఎలా ఉండబోతోందో, కోతలు ముగిసేలోపే మంచు కురుస్తుందో లేదో రాయాలి. (నేను అప్పటిదాకా చూసిన మంచు మా ఊరి ఐస్‌పుల్లల బండిలోదే.) శరదృతువును అక్కడ ‘ఫాల్’ అంటారు. మేమూ అలాగే అనేవాళ్లం, స్టయిలుగా.

ఇక గది కావాలి. వీధి చివరి మేడ ఓనరాంటీ బ్యాచిలర్లను చూస్తే గేటు మూసే రకం.

"జాబు లేని పోరగాండ్లకు రూమియ్య. ఏం పని జేస్తవ్?"

"ఫాల్ పని ఆంటీ. కెనడా వాళ్లకు."

ఆమె మొహం వెలిగిపోయింది. "గంత దూరంకెళ్లి నీకు పని పంపుతున్నరా! అవ్ లే, గాడ గూడ మనోళ్లు మస్తున్నరు. మరి ఈసారి ఫాల్ ఎట్లుంటది?"

నా ఉద్యోగం గురించి ఇంత ఆసక్తి చూపిన మొదటి మనిషి ఆమె. చెలరేగిపోయాను. "ఈసారి పొట్టిగుంటది ఆంటీ."

"అయ్యో, పొట్టిదైతే ఎట్ల?"

"సర్దుకుంటరు. వాళ్లకు అలవాటే."

"రంగో?"

"మొదలు ఆకుపచ్చ, తర్వాత పసుపు, ఆఖరికి అంతా తెలుపే."

"అబ్బో! నీళ్లల్ల నానబెడతరా మరి?"

(విత్తనాల సంగతి అనుకున్నాను.) "నీళ్లా? గాడ నీళ్లు గడ్డ కడతయి ఆంటీ!"

"పాపం," అంటూ తాళంచెవి చేతిలో పెట్టింది. విదేశీ వ్యవసాయం మీద ఆమెకున్న పట్టుకు నాకు భలే ముచ్చటేసింది.

కొన్నాళ్లకు ఓనరాంటీ ఒక సంచి పట్టుకుని పైకి వచ్చింది. "ఆదివారం మా బిడ్డ ప్రధానం, మన చర్చిలనే. ముషీరాబాద్ దుకాణపాయన ఇప్పుడు గాదంటుండు. ఇంట్లనే ఫాల్ పనోడు ఉండంగ బయటికి ఎందుకియ్యాలె? నువ్వే కుట్టియ్యి బిడ్డా." సంచిలో నెమలికంఠం రంగు పట్టుచీర, దాని మీద మడతపెట్టిన కొత్త ఫాల్. ఆంటీ అడిగింది చీర అంచుకు కుట్టే ఈ ఫాల్ గురించని అప్పటికి గానీ నా జాగ్రఫీ బుర్రకు ఎక్కలేదు.

లా చదివే నా దోస్తు ప్లీడరు (ఇంకా పాస్ కాలేదు, పేరు మాత్రం ముందే వచ్చింది) క్యాంటీన్‌లో కేసు విన్నాడు. "నిజం చెప్తే రూమ్ పోతది, నీ పెట్టె మళ్ల వరండలకొస్తది. కుట్టు మామా. నువ్వు అబద్ధం చెప్పలే. ఫాల్ అన్నవ్, ఫాల్ చేస్తున్నవ్. కోర్టుల గూడ నిలబడతది!"

ఫోన్‌లో ఫాల్ కుట్టడం నేర్పే వీడియో పెట్టుకున్నాను. మొదట్లో ఏదో సోది చెబుతుంటే దాటేశాను (అందరూ దాటేస్తారు). ఆఫీసులో బల్లకింద, ఒళ్లో చీరతో, వేళ్లు పొడుచుకుంటూ కుట్టాను. అవతలి గదిలోంచి మా సారు, "ఫాల్ ఎక్కడిదాకా వచ్చిందయ్యా?" అన్నాడు. "అంచుదాకా వచ్చింది సార్, కొంచెం ముడతలున్నాయి," అన్నాను. "అల్పపీడనమై ఉంటుంది, రాసెయ్," అన్నాడు.

చీర చూసి ఓనరాంటీ మురిసిపోయింది. ఆదివారం చర్చిలో నిశ్చితార్థపు ప్రార్థన ముగిసి పెళ్లికూతురు షామియానాలోకి నడుస్తుండగా, తార్నాక మీద వాన విరుచుకుపడింది. (ప్రెయిరీల నిపుణుడికి మాత్రం నెత్తిమీది మబ్బు కనబడలేదు.) అందరూ తడిసి ముద్దయ్యారు. ఆ తర్వాత మొదలైంది అసలు కథ. పెళ్లికూతురి చీర అంచు సంచి మూతి లాగినట్టు దగ్గరికి ముడుచుకుంటూ చీలమండల పైకి లేచింది. కొత్త ఫాల్‌ను ముందు నానబెట్టాలని, లేకపోతే తడవగానే కుదించుకుపోతుందని, నేను దాటేసిన ఆ సోదిలోనే చెప్పారట.

మౌలాలి నుంచి వచ్చిన వియ్యపురాలు కళ్లు పెద్దవి చేసింది. "గదేంది వదినా, చీర గంత పొట్టిగైంది?" నేను బిర్యానీ డేగిసా వెనక నక్కి, మనసులో ట్రంకుపెట్టె సర్దేసుకుంటున్నాను. ఓనరాంటీ చీరను చూసింది, నన్ను చూసింది, నెత్తి కొట్టుకుంది.

"తప్పు నాదే వదినా. గీ పిలగాడు మొదటి దినమే జెప్పిండు, ఈసారి ఫాల్ పొట్టిగుంటదని. నేనే ఇనలే!"

పెళ్లికూతురు పకపకా నవ్వింది. ఆ వెనకే అందరూ. నా గది నాకు దక్కింది.

ప్రెయిరీల్లో మాత్రం ఆ ఏడు ఫాల్ వెచ్చగా, తీరిగ్గా, ఎంతకీ తెమలకుండా సాగిందట. ఆ వార్త చదివి మా సారు నావైపు చూసిన చూపుకు మొదటి మంచు తార్నాకలోనే కురిసింది. ఆ మైదానాలను నేను ఈనాటికీ చూడలేదు. ఇప్పుడు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను, ఏదైనా అడిగితే రెండు పుస్తకాలు తిరగేసి గానీ నోరు విప్పను. తెలియని ఆకాశం గురించి అంత ధీమాగా వాగిన ఆ కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు, వాడంటే నాకు భలే ఇష్టం. రామంతాపూర్‌కు మారిపోయిన ఓనరాంటీ ఇప్పటికీ ఇంట్లో ఫంక్షన్ అనగానే ఫోన్ చేస్తుంది.

"బిడ్డా, ఈసారి ఫాల్ ఎట్లుంటది?"

"పొడుగ్గనే ఉంటది ఆంటీ," అంటాను. "ఎందుకన్న మంచిది, జర నానబెట్టుండ్రి."