అన్న వదిలించుకున్న పెట్టె

ఎంబ్రాయిడరీ వర్క్‌షాపులో పన్నెండేళ్లు డిజైన్లు గీసిన మనిషిని అందరూ డిజైనక్క అనేవారు. వర్క్‌షాపు ఆమె అన్నది. బోర్డు మీద తన పేరు కూడా రాయించమని ఆమె అడిగిన రోజున అన్న పనివాళ్లందరి ముందూ పగలబడి నవ్వాడు.

"కంప్యూటర్ నాది, మిషన్లు నావి. ఇంట్లో కూర్చుని గోళ్లు గిల్లుకో, పో!"

పాత డిజైన్ల డిస్కులున్న పెట్టె కూడా చెత్తేనని ఆమె చేతిలోనే పెట్టి పంపేశాడు.

అక్కడే పప్పులో కాలేశాడు. మిషన్‌కు కావలసింది కుట్టు ఫైలు, అంటే సూది ఎక్కడెక్కడ దిగాలో చెప్పే చుక్కల వరస. అది ఉంటే చాలనుకున్నాడు మహానుభావుడు. ఆ వరసను సాగదీస్తే కుట్ల మధ్య గుడ్డ బయటపడుతుంది. బొమ్మను పెంచాలంటే అసలు డిజైన్ ఫైలే కావాలి. అవన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి, ఆమె పేరున కొన్న డిజైన్ ప్రోగ్రాం డిస్కుతో సహా. ఆ సంగతి ఆమె చెప్పలేదు. ఎందుకు చెబుతుంది?

ఇంటి ముందు గదిలో ఒక్క సూది మిషను, ఎవరో వద్దనుకున్న కంప్యూటరు పెట్టుకుంది. దానిలో విండోస్ లేదు. వీధి చివరి రిపేరు షాపు పెద్దాయన దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాడు.

"బాబాయ్, నా ప్రోగ్రాం విండోస్‌ది. ఇందులో నడవదుగా?"

"వైన్ అని ఒకటుంది తల్లీ. నీ ప్రోగ్రాం విండోస్‌ని ఏం అడిగినా, ఇది మధ్యలో నిలబడి లినక్స్‌తో ఆ పని చేయించి పెడుతుంది. ప్రోగ్రాంకి తేడా తెలీదు."

తెలిసింది. మొదటిసారి అక్షరాల బదులు గళ్లు కనబడ్డాయి. రెండోసారి తెరుచుకోనే లేదు. పోనీ లినక్స్ లోపల మొత్తం విండోస్‌నే నడుపుదామని వర్చువల్ మెషీన్ పెట్టారు. ఆ ముసలి కంప్యూటర్ ఆయాసపడి ఆగిపోయింది. మళ్లీ వైన్‌కే వచ్చి, పాత విండోస్‌లా మసలుకోమని సెట్టింగు మార్చి, ఫాంట్లు తెచ్చి పెట్టేసరికి తొమ్మిది రోజులు పట్టింది. వదిలేయమ్మా అని బాబాయ్ రెండుసార్లు అన్నాడు. అన్న నవ్వు చెవుల్లో గింగురుమంటుంటే వదిలేయడమా!

ఆరు నెలలకు ఒక ఫుట్‌బాల్ క్లబ్బు, ఒకప్పుడు ఆమె జేబంత గీసిచ్చిన తమ సింహం బొమ్మ ఈసారి జెర్సీల వీపు నిండా కావాలని అన్నను అడిగింది. సాగదీసి కుట్టిన సింహం బొచ్చు రాలిన కుక్కలా వచ్చింది. గడువు నాలుగు రోజులు. అన్న పరుగున వచ్చాడు.

"చెల్లీ, ఆ పెట్టె ఓసారి ఇవ్వమ్మా."

"కూర్చో అన్నయ్యా" అంది, ఎంతో ప్రేమగా. కుర్చీ తెరకు దగ్గరగా వేసి ప్రోగ్రాం తెరిచింది.

"విండోస్ లేకుండా ఎలా నడుస్తోందే ఇది?"

"నడుస్తోందిగా."

సింహాన్ని వీపంత చేసింది. కొత్త కుట్లు వచ్చి ఖాళీలన్నీ పూడుకున్నాయి. అన్న మొహం వెలిగింది. ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించగానే చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని దాటుకుని వెళ్లి దాన్ని తన మిషన్‌కు పెట్టింది.

"నువ్వు కుట్టిన సింహాన్ని చూసి క్లబ్బు మేనేజరు పొద్దున్నే ఇక్కడికి వచ్చి వెళ్లాడు. జెర్సీలు నేనే కుడుతున్నాను."

అన్న చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మరి నన్నెందుకు కూర్చోబెట్టావు?"

"నువ్వు చూడాలని."

ఇన్నాళ్లూ మండిన కడుపు ఇప్పటికైనా చల్లబడిందా అని ఆమె తనను తాను చూసుకుంది. లేదు. ఇంకా కావాలనిపించింది.

"లేవకు. మొదటిది అయ్యేదాకా కూర్చో" అని మిషన్ బటన్ నొక్కింది.