సకినాలు ఆరే జాగా

"బట్ట తడి చూసినవా బిడ్డా?"

"చూసిన అత్తా, నువ్వు పండుకో."

మా మేనత్తా నేనూ ఆఖరున అనుకున్న మాటలివే. ఆసుపత్రి మంచం మీద కూడా ఆమెకు సకినాల ధ్యాసే.

నా చిన్నప్పుడు, అమ్మానాన్నా లేని నన్ను ఆమే సాకింది. రాంగోపాల్‌పేటలో ఒక్క గది. అదే ఇల్లు, అదే కార్ఖానా. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, నేల మీద పరిచిన పాత ధోవతుల మీద సకినాలు చుట్టేది. బట్ట తడి పీల్చుకున్నాకే నూనెలో వెయ్యాలి. తొందరపడితే పేలి ముఖం మీదికి చిమ్ముతాయి. మోండా మార్కెట్‌లో మిఠాయి దుకాణం సేటు ఒక్కడే మా గిరాకీ. అతను వద్దంటే మా పొయ్యి వెలగదు.

పెళ్ళిళ్ళ కాలంలో అతను రెండింతలు కావాలన్నాడు. కుదరదని అత్త ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. ఇవ్వలేకపోతే ఇంకొకరిని చూసుకుంటానన్నాడు. మర్నాడు పొద్దంతా నాకు కాలు నిలవలేదు. వాకిట్లోకి, లోపలికి తిరుగుతూనే ఉన్నాను. అత్త మాత్రం గోడ నుంచి గోడ దాకా బట్టలు పరిచి, చుట్టుకుంటూ వెనక్కి జరిగి జరిగి గడప మీదికి వచ్చి కూర్చుంది.

"పో, సేటును తోలుకరా. సకినాలు సూడ రమ్మంటుందని చెప్పు."

సేటు రుసరుసలాడుతూ వచ్చాడు. అత్త లేచి దారిచ్చింది.

"రా సేటూ, లోపలికొచ్చి కూసో."

"ఏడ కూసోవాలమ్మా? కాలు పెట్ట జాగ లేదు!"

"గదే నేను సుత అడుగుతున్న. గివి ఆరి లేస్తెనే గదా ఇంకోటి సుట్టేది? మిగిలినయి నీ నెత్తి మీద సుట్టాల్నా?"

సేటు చెప్పులు చేతిలో పట్టుకుని, గడప దగ్గరి నుంచే గది ఈ మూల నుంచి ఆ మూలకు చూశాడు. తర్వాత నవ్వాడు. "దుకాణం మీది గది ఖాళీగనే ఉంది. తాళం పంపిస్త," అన్నాడు.

"ఊడ్పించి పంపు," అంది అత్త.

గది దొరికిన నాడే ఆమెకు కొత్త పరేషాన్ పట్టుకుంది, చుట్టే చేతులు చాలవని.

ఇప్పుడు ఆ పని నాది, నేరేడ్‌మెట్‌లో. మా ఆయన పోయాక దీనితోనే బతుకుతున్నాను. పెద్ద గ్రైండర్ తెచ్చి పెట్టుకున్నాను కానీ, మా ఇంటి కరెంటు దాన్ని లాగదు, స్విచ్ వేస్తే ఫ్యూజు పోతుంది. వేరే లైను కోసం కరెంటాఫీసు చుట్టూ తిరిగితే, అక్కడి సారు చూస్తాం అంటాడు. రాత్రి నిద్ర లేదు, పగలు కుదురు లేదు. అయినా బతిమాలడం నాకు చేతకాదు. ఏది లేదో అక్కడికే మనిషిని తీసుకొచ్చి నిలబెట్టడం ఒక్కటే వచ్చు. రేపు ఆ సారును ఆటో ఎక్కించుకునైనా ఇంటికి తీసుకొస్తాను. మిషన్ ముందు నిలబెట్టి, స్విచ్ ఆయన చేతనే వేయిస్తాను.

నేను చెప్పిందంతా రాసినవా మనవరాలా? ఏదీ, మొదటి నుంచి జెర చదువు, వింటా.