బాబాయికి తగిలిన కాలు

కార్గిల్ యుద్ధం జరుగుతున్న ఆ ఎండాకాలంలో మా పల్నాట్లో కబడ్డీ ఆటగాళ్ళకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. సెలవు మీద ఊళ్ళకొచ్చిన మిలిటరీ వాళ్ళని వెనక్కి పిలిపించారు. మంచి కూతగాళ్ళు లేక, ప్రతి ఊరి జట్టూ బయటి నుంచి కూలికి ఆటగాళ్ళని తెచ్చుకోవడం మొదలుపెట్టింది. అప్పటిదాకా గట్టు మీద కూచుని పాయింట్లు లెక్కేయడమే నా పని. (ఎవడికి ఎప్పుడు ఊపిరి అయిపోతుందో ముందే చెప్పేవాణ్ణి, నా ఊపిరి సంగతి తప్ప.) అలాంటి నన్ను ముప్పాళ్ళ జట్టు పిలిచింది. జట్టు పెద్దని అందరూ ప్రెసిడెంటు మావ అనేవాళ్ళు. "ఇయ్యాల గెలిపిస్తే నర్సరావుపేట పోటీలకీ నువ్వే అల్లుడూ. ఓడావా, మళ్ళీ గట్టెక్కి లెక్కలేసుకో!" అన్నాడు.

రాజుపాలెంలో బరిలోకి దిగి, ఎదురు జట్టుని చూసి కొయ్యబారిపోయాను. అమరావతి గుడికని పొద్దున్నే పిన్నికి చెప్పి బయల్దేరిన మా బాబాయి, నిక్కరు బిగించి అవతల నిలబడున్నాడు!

"ఒరేయ్, నువ్వేంది ఇక్కడ?"

"కూలికొచ్చా బాబాయ్. నువ్వేంది?"

"నేనూ అంతే. పిన్నికి చెప్పావో, కాళ్ళిరగ్గొడతా!"

ఆట చివరికొచ్చేసరికి రెండు జట్లూ సమానం. ఆఖరి కూత నాది. ఒక్కణ్ణి తాకి, గీత దాటి వచ్చేస్తే నర్సరావుపేట నాదే. కూతతో వెళ్ళి గిర్రున తిరిగి కాలు విసిరాను. అది పోయి పోయి బాబాయి గుండెల మీద తగిలింది. మావాళ్ళంతా "వచ్చెయ్, వచ్చెయ్!" అని కేకలు. నేను రాలేదు. పెద్దవాళ్ళకి కాలు తగిలితే ఏం చేయాలో మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది గదా! వంగి, ఆయన్ని తాకి, చెయ్యి కళ్ళకద్దుకుని, "తప్పయింది బాబాయ్" అన్నాను. కూత తెగింది. "పర్లేదులేరా" అంటూనే బాబాయి నా మణికట్టు ఒడిసి పట్టాడు. జనమంతా నోళ్ళు తెరిచి చూస్తున్నారు. రిఫరీకి ఈల ఊదడం కూడా గుర్తు రాలేదు.

"నువ్వు ఆటకొచ్చావా, ఆశీర్వాదానికొచ్చావా?" అని ప్రెసిడెంటు మావ తల పట్టుకున్నాడు. అంతటితో నా కబడ్డీ కొలువు సరి.

మొన్న ఇద్దరం బస్సెక్కుతుంటే నా కాలు వెనకున్న బాబాయికి తగిలింది. మెట్టు మీదే వెనక్కి తిరిగి వంగబోయాను. వణికే చెయ్యి ఒకటి నా మణికట్టు పట్టుకుంది.

"ముందు లోపలికి దాటరా! దణ్ణాలు తర్వాత."

ఈసారి దాటాను. అది నర్సరావుపేట బస్సు.