దుప్పటి మూలముక్కలు

సాయంత్రం ఆరవుతుందంటే ఆమె పెద్ద గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టేది. పెళ్లయిన నాటి నుంచి ఇరవై రెండేళ్లు అదే పని. భర్త ప్రభుత్వ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే గదిలో చేసేవాడు. సందు మలుపులో సైకిల్ బెల్లు మోగేలోగా నీళ్లు సలసలా కాగాలి. ఆయన వెనక వాకిట్లోనే డ్యూటీ చొక్కా విప్పి బకెట్లో పడేసేవాడు. ఆమె దాని మీద మరిగే నీళ్లు కుమ్మరించేది. ఊళ్లో జనం రోగాలన్నీ ఆ చొక్కా పట్టుకుని గడప దాటకూడదని ఆమె పంతం.

"ఆస్పత్రి మురికి నేను వదిలిస్తా. నా మురికి నువ్వు వదిలిస్తావు. ఫీజు లేని మరకల డాక్టరువే నువ్వు" అని ఆయన నవ్వేవాడు. ఆ పేరు వీధిలో కూడా అంటుకుంది. చొక్కా మీద సిరా ఒలికినా, చీర మీద నూనె పడినా ఇరుగుపొరుగు ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమె వదిలించలేని మరక ఉండేది కాదు.

ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ ఆరయ్యేసరికి చేయి దానంతటదే గిన్నె వైపు పోతుంది. పొయ్యి వెలిగాక గుర్తొస్తుంది. వెలిగించింది ఆర్పడం ఎందుకని ఆ నీళ్లు అత్తగారి స్నానానికి తోడుతుంది. "నా కొడుకు బతికున్నన్నాళ్లూ నాకు చన్నీళ్లేగా పోశావు. ఇప్పుడు వాడి వాటా నాకొచ్చింది" అంటుంది అత్తగారు. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో ఇద్దరికీ తెలియదు.

ఆమె చదివింది నాలుగో తరగతి. తల్లి నాలుగిళ్లలో బట్టలు ఉతికి పెంచింది. తల్లి నేర్పిన చదువు వేరే ఉంది. తెల్లవి వేరు, రంగువి వేరు. చెమటకు చన్నీళ్లు, జిడ్డుకు వేన్నీళ్లు. అన్నిటికంటే ముఖ్యం, ముడి ఉన్న గుడ్డను ముడితో ఉతకకూడదు. "మురికంతా ముడిలోనే దాక్కుంటుందే పిచ్చిదానా. విప్పి ఉతుకు" అని నెత్తి మీద మొట్టి మరీ చెప్పేది. ఆ మొట్టికాయ ఆమె ఏనాడూ మర్చిపోలేదు. మర్చిపోయినా బాగుండేది.

ఆస్పత్రిలో ఉతికే గదికి కూడా ఓ చదువుంది. అక్కడ నేలంతా నీళ్లు, గాలంతా ఆవిరి. కాగితం పెడితే గంటలో పిండైపోతుంది. అందుకని వార్డు నుంచి వచ్చిన మూటకు ఓ గుడ్డపేలిక కట్టి, ఎన్నో వార్డయితే అన్ని ముడులు వేస్తారు. ప్రతి దుప్పటికీ ఓ మూల ఎర్రదారంతో అంకె కుట్టి ఉంటుంది. చనిపోయిన మనిషిని దుప్పట్లో చుట్టి పంపితే అది తిరిగి రాదు గనక, ఆ మూల కత్తిరించి ఉతికే గదికి పంపాలి, అక్కడ పుస్తకంలో రాయాలి. చిరిగి పనికిరాకుండా పోయినదానికీ అంతే.

ఆ మాయదారి రోగం ఊరి మీద పడిన నెలలో, ఒకటో తారీఖున, ఆస్పత్రి సూపరింటెండెంటు ఉతికే గదికి వచ్చి ఆ పుస్తకం తీసుకుపోయాడు. "ఇక ఇది రాయక్కర్లేదు, పైనుంచి చెప్పారు" అన్నాడు. భర్త ఎదురు మాట్లాడలేదు. మాట్లాడే మనిషి కాదు. కానీ ఆ రోజు నుంచి కత్తిరించిన మూలముక్కలన్నీ ఓ పేలికతో కట్టి, ఎన్నో తారీఖయితే అన్ని ముడులు వేసి, చొక్కా జేబులో ఇంటికి తెచ్చాడు.

"ఇవేంటండీ?" అని ఆమె అడిగింది.

"ఉండనీ. పారేయకు. ఎవరైనా అడిగితే కావాలి" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. అప్పటికే ఇంట్లో ముగ్గురూ భయంతో చచ్చి బతుకుతున్నారు. ఇంకా భయపెట్టడం ఎందుకనుకున్నాడో ఏమో.

ఆమె పారేయలేదు. పారేసినా ఇంత బాధ ఉండేది కాదు. ప్రతి సాయంత్రం ఆ కట్ట తీసుకుని ముడులన్నీ ఓపిగ్గా, గోళ్లు నొప్పెట్టేలా విప్పి, పేలికలూ ముక్కలూ మరగబెట్టి, బ్లీచింగ్ నీళ్లలో నానేసి, ఎండలో ఆరబెట్టి, ఓ రేకుడబ్బాలో దాచింది. పదహారు రోజులు అలాగే చేసింది.

పదిహేడో నాడు సైకిల్ బెల్లు మోగలేదు. డ్యూటీలోనే జ్వరం వచ్చి, ఊపిరాడకపోతే, ఆయన్ని ఉతికే గది నుంచి నేరుగా వార్డుకే తీసుకుపోయారు. ఇరవై ఒకటో తారీఖున పోయాడు. ఆమెకు మొహం చూపించలేదు. ఆస్పత్రి ఇచ్చిన కాగితంలో "గుండె ఆగి మరణం" అని రాశారు. "ఆగకుండా ఎవరు పోయారమ్మా!" అని అత్తగారు ఆ కాగితాన్ని చూసి నెత్తి కొట్టుకుంది.

ఆస్పత్రిలోనే ఇస్త్రీ చేసే కుర్చీమేస్త్రీ ఓ సంచి తెచ్చి గడప బయట పెట్టాడు. ఎప్పుడూ కూర్చునే ఇస్త్రీ చేస్తాడని అతనికి ఆ పేరు. ఆయన్ని అన్నా అని, ఆమెను వదినా అని పిలిచేవాడు. "అన్న చొక్కా వదినా. సంచి విప్పకుండా అట్టాగే మరిగే నీళ్లలో వేసెయ్" అన్నాడు. ఆమె నీళ్లు కాచింది. సంచి చేతిలోకి తీసుకుంది. చేయి రాలేదు. అత్తగారితో కాల్చేశానని చెప్పి, దాన్ని అటక మీద పాత ట్రంకు వెనక తోసేసింది. జీవితంలో ఆమె ఉతక్కుండా వదిలిన గుడ్డ అదొక్కటే.

రెండేళ్ల తర్వాత పేపర్లో పడింది. ఆ నెల మొత్తం మీద ఆ ఆస్పత్రిలో రోగంతో పోయినవాళ్లు అరవై ఒక్కరేనని ప్రభుత్వం చెప్పింది. కాదని ఊరు గోలెత్తింది. చట్టసభలో అరుచుకున్నారు. చివరికి విచారణ సంఘం వేశారు. ఆ అరవై ఒక్కరిలో ఆయన లేడు. ఆమెకు ఇంకేదీ అక్కర్లేదు. ఆయన కూడా ఆ రోగానికే పోయాడని, అరవై ఒకటి కాదు ఇంకా ఎంతోమంది పోయారని, ఆ లెక్కలో ఆయనకూ ఓ చోటుందని ఎవరైనా ఒప్పుకుంటే చాలు.

కుర్చీమేస్త్రీ పరుగున వచ్చాడు. "వదినా, అన్న తెచ్చిన మూలముక్కలున్నాయా?"

"ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు." ఆమె గర్వంగా డబ్బా తెచ్చి చాప మీద బోర్లించింది. రెండు వందల ఎనభై ఎనిమిది ముక్కలు. మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయి. పేలికలు కూడా మడత పెట్టి పక్కన పెట్టింది.

అతను వాటిని కెలికి చూసి, తలెత్తి ఆమె మొహం చూశాడు. "ముడులేవి వదినా?"

"విప్పి ఉతికాను."

అతను ఓ పేలిక మడత విప్పి చూశాడు. "ముడి విప్పితే ఏ ముక్క ఏ రోజుదో ఎట్టా తెలుస్తుంది?" అన్నాడు. అడిగినట్టు లేదు, తనలో తను అనుకున్నట్టుంది.

ఆమెకు అప్పుడు అర్థమైంది. పదహారు సాయంత్రాలు ఆయన చచ్చేంత భయంలో కట్టి తెచ్చిన సాక్ష్యాన్ని, పదహారు సాయంత్రాలు తనే కూర్చుని విప్పింది. గోళ్లతో. సొంత గోళ్లతో.

"నేనిచ్చిన సంచి..." అని అతను మొదలుపెట్టాడు. పక్కనే అత్తగారు కూర్చునుంది.

"కాల్చేశా" అంది ఆమె.

"సరేలే" అని అతను ముక్కలన్నీ తిరిగి డబ్బాలోకి ఎత్తాడు.

విచారణ సంఘం ఓ పాత బడి హాల్లో కూర్చుంది. చిన్న పిల్లల బల్లల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. కుర్చీమేస్త్రీ గేటు దగ్గరే ఆగిపోయాడు. "లోపలికి రాను వదినా. సూపరింటెండెంటు ముందు వరసలోనే ఉన్నాడు. ఇద్దరు పిల్లలున్నారు నాకు." ఆమె అతన్ని తప్పు పట్టలేదు. డబ్బా చంకలో పెట్టుకుని ఒక్కతే వెళ్లింది.

ప్రభుత్వం తరఫు వకీలు మర్యాదస్తుడే. గొంతు పెంచలేదు. ముక్క ఒకటి రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. "అమ్మా, చిరిగిన దుప్పటికి కూడా ఇలాగే మూల కత్తిరిస్తారు కదా?"

"అవునండీ."

"అయితే ఇవి చిరిగినవాటివి కావని, ఆ పదహారు రోజులవేనని ఎలా చెప్పాలి మేము?"

"ముడులుండేవండీ. ఎన్నో తారీఖయితే అన్ని ముడులు."

"ఎక్కడున్నాయి?"

"విప్పేశానండీ."

"ఎందుకు విప్పారు?"

"ఉతకడానికండీ."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక నుంచి ఒకావిడ, "నవ్వేది ఎవడ్రా? వాళ్లింట్లో ఎవరూ పోలేదా?" అని గద్దించింది. నవ్వు ఆగింది. ఆమె చెవులు మాత్రం కాలిపోయాయి. మరకల డాక్టరు. ఇంత శుభ్రంగా ప్రభుత్వం మరక వదిలించింది తనే. ఆ సూపరింటెండెంటుకు కూడా ఇంత బాగా చేతనయ్యేది కాదు.

సంఘానికి పెద్దగా కూర్చున్న ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, ఉతకనిది ఒక్కటైనా ఉందా?"

"ఆఖరి రోజు చొక్కా ఉందండీ. సంచి మూతి కూడా విప్పలేదు."

"రేపు తీసుకురండి" అన్నాడాయన.

బయటికొచ్చి కుర్చీమేస్త్రీకి నిజం చెప్పింది. అతను గేటు మెట్టు మీద కూలబడ్డాడు. "కాల్చెయ్యలేదా? వదినా... పదిహేడో నాటి కట్ట అన్న జేబులోనే ఉంది. ఇంకోటి కూడా ఉంది. అన్నను చుట్టిన దుప్పటిది. నేనే కత్తిరించా. ఇరవై ఒక్క ముడులు వేసి అదే జేబులో పెట్టా. ఆ రోజు నీ మొహం చూసి చెప్పలేకపోయా." అతను ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. ఒక్క ముక్కయినా ముడితో ఉంటే, ముడి వేసే పద్ధతి ఉందని తేలుతుంది. మిగతా ముక్కలకు నోరొస్తుంది. ఆయన ముక్కే అందరికీ సాక్షి అవుతుంది. ఆ ఆశతో ఇంటికి నడిచిందో, పరిగెత్తిందో ఆమెకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే సంచి గుండెకు హత్తుకుని వెళ్లింది. హాలుకు తాళం వేసి ఉంది. బడి కాపలావాడు బల్లలు లెక్కేసుకుంటున్నాడు.

"నిన్న సాయంత్రమే అయిపోయిందమ్మా. గడువు పెంచలేదని ఆర్డరొచ్చింది. కాగితాలన్నీ మూటగట్టుకుని పోయారు."

"పెద్దాయన నన్ను ఇవాళ రమ్మన్నాడు."

"ఆయన్నీ ఇంటికి పొమ్మన్నారు."

అక్కడి నుంచి ఆస్పత్రికి వెళ్లింది. వాళ్లు కలెక్టరు ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ కిటికీ అవతల గుమస్తా సంచి వంక చూసి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "బట్టలు తీసుకోం, కాగితం ఉంటే ఇవ్వండి" అన్నాడు. ఆమె దగ్గరున్న కాగితం ఒక్కటే. అందులో గుండె ఆగింది అని ఉంది.

పది రోజులకు నివేదిక వచ్చింది. అరవై ఒకటి అరవై ఒకటిలాగే ఉంది. చిట్టచివర, "బట్టల ముక్కల వంటివి పరిశీలించి, ఆధారాలుగా స్వీకరించలేదు" అని ఒక్క వాక్యం రాశారు. ఎదురింటి పిల్ల చదివి వినిపించింది. ఆమె ఆ వాక్యాన్ని రెండోసారి చదివించుకుంది.

అటక మీదికి పోవాల్సిన సంచి అప్పటి నుంచి వంటింటి మూలే ఉంది. అత్తగారికి సంగతంతా తెలిసిపోయింది. మొదటిరోజు తిట్టింది, రెండోరోజు ఏడ్చింది, మూడోరోజు మాట్లాడలేదు. ఈ సాయంత్రం నోరు తెరిచింది.

"అమ్మాయ్, అయ్యేది అయిపోయింది. ఎవడూ అడగడు ఇంక. ఆ రోగం గుడ్డ ఇంట్లో పెట్టుకుని మనం కూడా పోవాలా? ఉతికెయ్యవే తల్లీ. ఉతికి నాకివ్వు. వాడి చొక్కా నా తలకింద పెట్టుకుంటా."

ఆ ఆఖరి మాటకు ఆమె లేచింది. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. బకెట్టు వెనక వాకిట్లోకి తెచ్చింది. సబ్బుపొడి వేసింది. సంచి మూతి విప్పింది. చొక్కా గట్టిగా, అట్టముక్కలా ఉంది. జేబులోంచి రెండు కట్టలు తీసింది. ఒకదానికి పదిహేడు ముడులు, ఇరవై మూడు ముక్కలు. రెండోదానిలో ఒకే ఒక్క ముక్క. మాసి, మూల మీద మరకతో ఉంది. ఎర్రదారంతో నాలుగు వందల పదిహేడు అని ఉంది. దాని పేలిక మాత్రం జానెడు పొడుగు, అన్నీ ముడులే. వేలితో ఒక్కో ముడి తడిమింది. ఇరవై ఒకటి. ఆమె గోళ్లు వాటంతటవే మొదటి ముడి దగ్గర ఆగాయి, అలవాటు కొద్దీ.

చేయి వెనక్కి లాక్కుంది.

లోపల గిన్నె మూత టకటకా కొట్టుకుంటోంది. "నీళ్లు కాగాయే" అని అత్తగారు కేకేసింది.

ఆమె కట్టలు రెండూ తిరిగి జేబులో పెట్టింది. తలుపు వెనక ఆయన చొక్కా తగిలించే మేకు ఖాళీగానే ఉంది. అక్కడ తగిలించింది. బకెట్టులోని సబ్బునీళ్లు వాకిట్లో పారబోసింది.

"ఏమే, ఉతకవా?"

"ఉతకను అత్తయ్యా. మీరు స్నానానికి లేవండి."