ఆమేన్ అన్నాక ఆగని పడవ

చదివే ముందు దేన్నయినా గట్టిగా పట్టుకోండి. నా పెళ్లి గోదావరిలో కలవబోయిన కథ చెబుతున్నాను. పెళ్లి కంటే ముందు కాబోయే మామగారే కలిశారనుకోండి.

అప్పట్లో నేను నరసాపురం మిషన్ బడిలో కుర్ర పంతులుని. మొగల్తూరు సంఘపెద్ద దావీదుగారు తమ అమ్మాయి మరియమ్మను నాకివ్వాలా వద్దా అని నన్ను చూడటానికి వచ్చారు. ఇద్దరం గోదావరి ఆవలి గట్టున ప్రార్థన కూడికకు బయలుదేరాం. రేవుదాకా ఆయన నోరు విప్పలేదు. ఈయన కాదంటే మరియమ్మ లేదు, మరియమ్మ లేకపోతే నేను లేను!

రేవులో పడవవాడు పోలయ్య గడతో సిద్ధంగా ఉన్నాడు. మా సంఘంవాళ్లు ఎక్కితే, ప్రార్థన చేసుకున్నాకే పడవ కదలాలి. ప్రార్థన అయిందని పోలయ్యకు తెలిసేది చివరి మాటతోనే. అది చెవిన పడగానే పడవ తోసేసేవాడు. ఈ సంగతి నాకూ తెలుసు, నా ఖర్మ.

మౌనం భరించలేక, మా మిషన్ దొరగారి దగ్గర ఆ వారమే విన్న పాండిత్యం బయటికి తీశాను.

"ప్రార్థన చివర మనం అనే మాట ఎక్కడిదో తెలుసాండి?"

"ఎక్కడిదేంటి బాబూ? మన తెలుగేగా!"

"కాదండి! హెబ్రీవాళ్లదండి. వాళ్ల నుంచి గ్రీకులకి, అక్కణ్ణుంచి లాటిన్‌కి, ఆపైన ఇంగ్లీషు దొరలకి వచ్చిందండి. ఇన్ని దేశాలు తిరిగినా ఎవరూ దాన్ని తర్జుమా చెయ్యలేదండి!"

దావీదుగారు ఒక కాలు పడవలో పెట్టి, రెండోది గట్టునే ఉంచి, నా వైపు తిరిగారు. ఆ ముఖంలో మొదటిసారి నా మీద గౌరవం!

"అవునా? ఎందుకు చెయ్యలేదంటావు?"

ఇంకేం, ఒళ్లు మరిచిపోయాను.

"అక్కర్లేకండి! ఏ దేశం వాడికైనా, ఏ మతం వాడికైనా ఇట్టే అర్థమవుద్దండి," అని రెండు చేతులూ పైకెత్తి, "ఆమేన్!" అని అరిచాను.

పోలయ్యకు అర్థమైంది. తోశాడు.

దావీదుగారి కాళ్లు ఒకదానికొకటి దూరం కాసాగాయి.

"ఆపరా, ఆపు!" అన్నారాయన.

"ఆపు పోలయ్యా!" అన్నాను నేను.

"ఆమేన్ అన్నాక ఆపడం ఏంటండీ?" అన్నాడు పోలయ్య.

దావీదుగారు దబ్బున నీళ్లలో పడ్డారు. లోతు నడుముదాకానే, కానీ మునిగింది నేనే అనిపించింది. చెయ్యిచ్చి గట్టుకు లాగాను. ఆయన పంచె పిండుకుంటుంటే, తీర్పు కోసం ఎదురుగా నిలబడ్డాను.

"నువ్వు చెప్పింది నిజమే బాబూ," అన్నారు చివరికి. "తర్జుమా అక్కర్లేదు."

పిల్లనిచ్చారు. కానీ పెళ్లిలో పాస్టరు అయ్యగారి ప్రార్థన ముగింపుకొస్తుండగా, మామగారు రెండు చేతులతో బెంచీని బిగించి పట్టుకోవడం మందిరమంతా చూసింది.

కాబట్టి సర్వజనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఎదుటివారి రెండు కాళ్లూ ఒకే చోట ఉన్నాయని కళ్లారా చూసుకోకుండా ఈ జన్మలో ఆ మాట అనను.

పట్టుకున్నారా? ఆమేన్.