సముద్రం ఊళ్ళో మాట మానేసిన తొమ్మిది రోజులు

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే దాన్ని కూడా తెచ్చుకోండి. చేతులు ఆడుతుంటే చెవులు ఇంకా బాగా వింటాయి. నేను చదివింది నాలుగో తరగతి. రాతలో పొల్లులు, దీర్ఘాలు తప్పుతాయి గానీ (మా పెద్దది దిద్దిపెట్టింది), జరిగినదాంట్లో ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు.

ఆ రోజుల్లో మాది సాంచల బతుకు. కరెంటుతో నడిచే మగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. కరీంనగర్ దాటి గంటసేపు బస్సులో పోతే మా ఊరు. బస్సు ఆగకముందే ఆ చప్పుడు వినిపిస్తుంది. మా ఆయన కార్ఖానాలో ఎనిమిది సాంచలు చూసుకునేవాడు. కార్ఖానా గోడకు ఆనుకునే మా ఇల్లు. గోడకు ఇవతల కూర్చుని నేను బీడీలు చుట్టేదాన్ని. పిల్లలిద్దరూ ఆ చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే నిద్రపోవడం నేర్చుకున్నారు. మా ఇంట్లో ఉప్పు అడగాలన్నా అరవాలి, ముద్దు చేయాలన్నా అరవాలి. (పెళ్ళైన కొత్తలో మా ఆయన నా చెవిలో చెప్పాననుకున్న మాట నాలుగిళ్ళ అవతల ఉన్న మా మేనత్తకు వినపడింది. ఆవిడ ఇప్పటికీ అందరి ముందూ దాని గురించి అడుగుతుంది.) మేము అరుస్తున్నామని మాకు తెలియదు. లోకమంతా ఇట్లాగే మాట్లాడుకుంటుందని అనుకునేవాళ్ళం.

ఒక ఏడాది గుడ్డకు గిరాకీ పడిపోయింది. సాంచలు వారానికి మూడు రోజులు కూడా నడవలేదు. చప్పుడు ఆగిన రోజున మా చిన్నోడు (అప్పటికి మూడేళ్ళు) భయపడి ఏడ్చేవాడు. అప్పుడే మా తమ్ముడి దోస్తు ఒకతను కబురు పంపాడు. ఆంధ్రలో సముద్రం ఒడ్డున జనం సెలవులకు వచ్చే ఊరొకటి ఉందనీ, అక్కడ లాడ్జిలో మొగుడూపెళ్ళాలు కావాలనీ. ఆయన తోట, గేటు చూసుకోవాలి, నేను గదులు ఊడవాలి. ఉండటానికి గది ఇస్తారు. రెండు సంచులు, ఒక ట్రంకు, ఆరేళ్ళ పెద్దది, మూడేళ్ళ చిన్నోడు. ఇంతే మా సంసారం, రైలెక్కింది. (ఊరి పేరు చెప్పను. లాడ్జి ఇంకా నడుస్తోంది.)

లాడ్జి యజమానురాలిని అందరూ అమ్మగారు అనేవాళ్ళు. సన్నటి మనిషి, సన్నటి గొంతు. మొదటి రోజే చెప్పింది. "చూడమ్మా, మా దగ్గరికి వచ్చేవాళ్ళు పట్టణం రొద తట్టుకోలేక వస్తారు. ఇక్కడ మేము అమ్మేది గదులు కాదు, నిశ్శబ్దం." నేను గట్టిగా తల ఊపి, వినయంగా జవాబు చెప్పాను. ఆ వినయానికి పైఅంతస్తులో రెండు కిటికీలు తెరుచుకున్నాయి.

మర్నాడు పొద్దున తోట చివర ఉన్న మా ఆయనను చాయ్‌కి పిలిచాను. "ఓ పిల్ల బాపూ! చాయ్ సల్లారిపోతుంది, రా!" అంతే. ఒకాయన భుజం మీద తువ్వాలుతో, మొహం నిండా సబ్బు నురగతో మెట్లు దిగి వచ్చి, "ఏమైందమ్మా? ఎవరికి ఏమైంది?" అని నా చేతులు పట్టుకున్నాడు. మూడో రోజున చిన్నోడు చెప్పుల కోసం ఏడిస్తే, పెద్దది వాడిని ఓదార్చింది. ఆ ఓదార్పుకి కొత్తగా పెళ్ళైన జంట గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

అమ్మగారు మమ్మల్ని పిలిపించింది. కోపంగా కూడా లేదు, అందుకే ఎక్కువ భయం వేసింది. "ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే నేనేం చేయలేనమ్మా. సామాన్లు సర్దుకోవడమే" అంది. ఊళ్ళో ఇల్లు అప్పటికే వేరేవాళ్ళు అద్దెకు తీసుకున్నారు. వెనక్కి పోయినా ఆగిపోయిన సాంచలే. గదికి వచ్చి తలుపు మూసుకుని కూర్చున్నాం.

"మెల్లగ మాట్లాడుదమయ్యా" అన్నాను.

"గిది మెల్లగనా? గోడ అదిరింది" అన్నాడు మా ఆయన. (ఆ మాటకు అవతలి గోడ కూడా అదిరింది.)

గుసగుస మాకు చేతకాలేదు. గొంతు తగ్గిస్తే మాట బయటికే రాదు, వస్తే పూర్తిగా వస్తుంది. అప్పుడు మా ఆయనకు కార్ఖానా గుర్తొచ్చింది. సాంచలన్నీ ఒక్కసారి నడుస్తున్నప్పుడు అరుపు కూడా పనికిరాదు, చేతులతోనే చెప్పుకోవాలి. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదవికి తాకిస్తే చాయ్. లేని మీసం తిప్పితే సేటు వస్తున్నాడని. "ఫికర్ జెయ్యకు, చేతులతోనే బతుకుదాం" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాట బంద్. పిల్లలకు రెండు రోజుల్లో వచ్చేసింది. ముఖ్యంగా పెద్దది ఒక్క మాట కూడా నోరు జారలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని నేను మురిసిపోయాను. అమ్మగారు కనబడితే నలుగురం లేని మీసాలు తిప్పుకునేవాళ్ళం.

ఈ సంగతి ఇక్కడితో ఆగలేదు. పట్నం నుంచి వచ్చి పైగదిలో దిగిన ఒక పెద్దావిడ రెండు రోజులు మమ్మల్ని చూసి, మా నలుగురికీ పుట్టుకతోనే మాట రాదని నిశ్చయించుకుంది. నన్ను దగ్గరికి పిలిచి, ఆమె కూడా చేతులు తిప్పుతూ, కళ్ళనీళ్ళతో రెండు చీరలు, పెద్దదానికి ఒక బొమ్మ ఇచ్చింది. 'అయ్యో, నాకు మాట వచ్చమ్మా' అని చెప్పాలి. నోరు తెరిస్తే ఎంత గొంతు వస్తుందో నాకు తెలుసు. దండం పెట్టి తీసుకున్నాను. (మాట రానివాళ్ళకు అందాల్సిన దయను నేను దొంగిలించినట్టే. ఆ చీర మడతలు చూసినప్పుడల్లా సిగ్గేసేది.) ఆవిడ అమ్మగారితో కూడా చెప్పింది. "ఇటువంటివాళ్ళకు పని ఇచ్చారంటే మీది ఎంత మంచి మనసండీ!" అమ్మగారు నా వైపు ఒకసారి చూసి, ఆ పొగడ్తను అట్లాగే ఉంచుకుంది.

ఆదివారం మధ్యాహ్నం. తీరమంతా జనం. గుర్రం స్వారీలు, మొక్కజొన్న కంకులు, పిల్లల కేకలు. నేను దుప్పట్లు ఆరేసి చూస్తే చిన్నోడు ఉన్నాడు, పెద్దది లేదు. గదిలో లేదు, తోటలో లేదు. సరుగుడు చెట్లు దాటి ఇసుకలోకి పరుగెత్తాను. దూరంగా, జనానికి ఎడంగా, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది నా బిడ్డ. వీపు నా వైపు. చేతులు గాలిలో ఊపుతోంది. అలలు లాగుతున్నాయో, మునుగుతోందో నాకేం తెలుసు? సముద్రాన్ని మొదటిసారి చూసి పన్నెండు రోజులే అయింది. తొమ్మిది రోజులు దాచుకున్న గొంతంతా ఒక్కసారి తీశాను.

"ఓ పిల్లా! ఎనుకకు రా! ఎనుకకు రావే!"

తీరం ఆగిపోయింది. ఈదుతున్నవాళ్ళంతా ఒక్కసారే ఒడ్డుకు పరుగెత్తారు. గుర్రం బెదిరి వెనక్కి తిరిగింది. కాపలా కుర్రాళ్ళు ఈలలు ఊదారు. నా పక్కనే ఇసుకలో నిలబడి ఉన్న పట్నం పెద్దావిడ నన్ను చూసి, సముద్రాన్ని చూసి, రెండు చేతులూ ఎత్తి జోడించింది. "గంగమ్మ తల్లీ! మూగదానికి మాట ఇచ్చావా తల్లీ!" ఆవిడ వెనకాల ఇంకో నలుగురు దండాలు పెట్టారు.

నా బిడ్డ మాత్రం తాపీగా వెనక్కి తిరిగింది. "ఏందవ్వా? గట్ల ఒర్రుతున్నవేంది?" (మా దగ్గర అమ్మను అవ్వ అంటారు, అరవడాన్ని ఒర్రడం అంటారు.)

నీళ్ళలోకి పోయి దాన్ని చంకనేసుకున్నాను. "ఏం జేస్తున్నవే గీడ? ఎవరితోని?"

"సముద్రంతోని మాట్లాడుతున్న."

"సముద్రంతోనా?"

"గీడ సాంచల లెక్క సప్పుడైతుందవ్వా. ఎంత ఒర్రినా ఎవ్వలేమంటలేరు. మీరు నాతోని మాట్లాడుతలేరు గదా. చేతులు ఊపుతరు. నేను రోజూ గీడికొచ్చి చెప్తున్న."

"ఏం చెప్తున్నవ్?"

"ఏం తిన్ననో చెప్తున్న. మా బాపు నవ్వుతలేడని చెప్తున్న."

ఇంక నాకు మాట రాలేదు. ఈసారి నిజంగానే రాలేదు.

తడిచీరతోనే అమ్మగారి ముందుకు పోయాను, పిల్లను దించకుండానే. ఆవిడ పక్కన పట్నం పెద్దావిడ ఉంది, గుమ్మంలో జనం. నా గొంతుతోనే చెప్పాను. "అమ్మా, మాకు మాటొస్తది. మాది సాంచల ఊరు, మా గొంతే గంత. నౌకరి పోతదని నోరు కట్టుకున్నం. పంపిస్తే పంపియ్యున్రి. నా పిల్లలు మాట్లాడాలె." తర్వాత పెద్దావిడ వైపు తిరిగి, చీరలు తెచ్చిస్తానన్నాను.

పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మాట రాదని ఇచ్చాను. మాటొచ్చిందని ఉంచుకో బిడ్డా" అంది.

అమ్మగారికి మాత్రం నవ్వు రాలేదు. "మీకు మాట వచ్చని నాకు తెలుసు, ఆవిడకి చెప్పి ఉండాల్సింది. పొగిడితే ఊరుకున్నాను. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకోను?" అని పిల్ల వైపు చూసింది. "ఇసుక పక్కన పాత గది ఉంది. అలల హోరుకి ఎవరూ అద్దెకు తీసుకోరు. రేపు దులుపుకొని అందులోకి మారండి. అక్కడ ఎంతైనా అరుచుకోండి. నా వరండాలో మాత్రం, దయచేసి, ఆ మీసాలు తిప్పడం మానెయ్యండి" అంది.

ఆ గదిలో నాలుగేళ్ళున్నాం. ఊళ్ళో మళ్ళీ ఆర్డర్లు వచ్చి సాంచలు నడిచాక తిరిగొచ్చాం. పెద్దది ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ సంగతి అడిగితే, "నాకేం గుర్తు లేదవ్వా" అంటుంది. నాకు గుర్తుంది. పిల్ల నోరు మూసుకుంటే బుద్ధి వచ్చిందనుకుని మురిసిన అప్పటి నన్ను, ఆ వెర్రి పిల్లతల్లిని తలుచుకుంటే నవ్వొస్తుంది, పక్కన కూర్చోబెట్టుకుని ఒక ముద్ద తినిపించాలనిపిస్తుంది. పాపం, దానికేం తెలుసు, బతకాలని తప్ప.

ఇంతసేపు విన్నారు, సల్లగుండాలె మీ ఇల్లు. మీ పిల్లలు మీతోనే కొట్లాడాలె, మీతోనే నవ్వాలె. వాళ్ళు చెప్పుకునే మాట వినడానికి మీ ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి తీరికగా ఉండాలె.