మంచం కింద నా ముఖం

మా మాస్టారు పోయారు. ఆదివారం పొద్దున్న నేను చపాతీ పిండి కలుపుతుండగా ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "దీదీ, నాన్న నహీ రహే" అని పెట్టేశాడు. పిండి అంటిన చేతులతోనే ఆటో ఎక్కి మా క్యాంప్ టూ నుంచి వాళ్ల క్వార్టరున్న సెక్టర్ ఆరుకి వెళ్లాను. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు నిజం. పది రోజులు ఆగి ఉంటే అంతలా ఏడ్చేదాన్ని కాదేమో. ఆయన మంచితనం రాద్దామనే కూర్చున్నాను గానీ, మనసు ఒప్పడం లేదు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

ఆయన ఇక్కడి ఉక్కు ప్లాంటు ఫౌండ్రీలో ఇసుక అచ్చులు చేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం నుంచి మీసాలు రాకముందే ఈ హిందీ ఊరికి వచ్చి, ఇక్కడే ముసలివారయ్యారు. క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో బంకమన్నుతో మనుషుల ముఖాలు చేసేవారు. పండగల ముందు విగ్రహాలు చేయమని ఎవరైనా వస్తే, "దేవుడి మొకం అందరూ సేస్తారు బాబూ, మా పక్కింటోడి మొకం ఎవడు సేస్తాడు?" అని టీ ఇచ్చి పంపేసేవారు. స్కూలు నాటకానికి రాక్షసుడి మాస్కు కావాలని పదిహేనేళ్ల వయసులో ఆ షెడ్డుకి వెళ్లాను. ముప్పయ్యేళ్లు వెళుతూనే ఉన్నాను. ఇవాళ పిల్లలకి మట్టిపని నేర్పి బతుకుతున్నానంటే, ఆ విద్య ఆయన పెట్టిందే.

మనుషుల్ని కళ్లార్పకుండా చూడడం ఆయన అలవాటు. సుపేలా బజారులో కూరలమ్మే ఆవిడని అలాగే చూస్తే ఆవిడ తక్కెడ ఎత్తి కొట్టబోయింది. "ముక్కు సూస్తన్నానమ్మా, ముక్కు" అని తప్పించుకున్నారు. వారం తర్వాత ఆవిడ ముఖం చేసి, తడి గోనె చుట్టి, సైకిల్ క్యారియర్‌కి కట్టి తీసుకెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "మోర్ నాక్ అఇసన్ నఇ హే" అంది. తన ముక్కు అలా లేదట. మాస్టారు దాన్ని తీసుకున్నారు. అక్కడే, ఆవిడ కళ్లెదుటే, రెండు చేతులతో నలిపి ముద్ద చేసేశారు.

అది ఆయన పద్ధతి. ఎవరి ముఖం చేసినా, తడి ఆరకముందే వాళ్లకి చూపించాలి. వాళ్లు ఊఁ అంటేనే బట్టీలో కాల్చాలి. వద్దంటే వాళ్ల ఎదురుగానే నలిపేయాలి. "మొకం సేసినోడిది కాదే గుంటా, మోసినోళ్లది. అడక్కుండా కాలిస్తే దొంగతనం" అని నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నేను నమ్మాను. నా బడి పిల్లలకీ అదే నేర్పాను.

ఆరేళ్ల కిందట మా అమ్మ పోయింది. అమ్మని ఎత్తుతున్నప్పుడు నేను గేటు పట్టుకుని కూలబడ్డాను. ఎదురుగా మాస్టారు నిలబడి నన్నే చూస్తున్నారు. చుట్టాలందరూ పనుల హడావుడిలో ఉంటే, నా బాధ చూస్తున్న మనిషి ఈయనొక్కరే అనుకున్నాను. ఆ చూపే నాకు ఆసరా అయింది.

పెద్దకర్మ అయ్యాక షెడ్డుకి వెళితే ఆయన లేరు. బల్ల మీద ఏదో కప్పి ఉంది. గోనె ఎత్తాను. నేనే. నోరు ఒక పక్కకి లాగేసి, కింది పెదవి వంకర పోయి, ముక్కుపుటాలు ఉబ్బి, అమ్మ కోసం ఏడుస్తున్న నేను. అచ్చం నేనే, అదే నా కడుపు మండించింది. నా ఏడుపు పంచుకోవడానికి వచ్చాడనుకున్న మనిషి దాన్ని కొలత వేసుకుని పోయాడు.

ఆయన రాగానే అడిగాను. "ఇదేంటి మాస్టారూ?"

ఆయన తల దించుకున్నారు. "సెయ్యి ఆగనేదే."

"పగలగొట్టేయండి" అని వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే సైకిల్ మీద మా ఇంటికి వచ్చి ఒక మట్టిముద్ద నా చేతిలో పెట్టారు. "నీ మొకమే. ముద్ద సేసీసినాను. దీంతో నీకు నచ్చింది సేసుకో" అన్నారు. అందరివీ వాళ్ల కళ్లెదుటే నలిపే మనిషి నాది మాత్రం ఇంట్లో నలిపి తెచ్చారేమని నాకు తట్టలేదు. నన్ను మళ్లీ ఏడిపించడం ఇష్టం లేకేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. ఆ మట్టితో మా అమ్మ నవ్వు ముఖం చేశాను. నా ఏడుపంతా అమ్మ నవ్వయిందని ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆయనే దాన్ని బట్టీలో కాల్చి ఇచ్చారు. మా గోడకి తగిలించాను. మళ్లీ షెడ్డుకి వెళ్లడం మొదలుపెట్టాను.

ఆసుపత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఏటే, నిన్నొకటి అడగాల" అన్నారు. అడగండి అన్నాను. చాలాసేపు నా ముఖంలోకి చూశారు. "ఏటీ నేదు. టీ తాగి ఎల్లు" అన్నారు.

ఆయన పోయిన పదోరోజు నాడు వాళ్లావిడ, నేను పిన్ని అని పిలుస్తాను, ముందుగదిలో మంచం కింద నుంచి ఒక పాత బేసిన్ బయటికి లాగింది. అందులో తడి గోనె. నేను తీయకముందే తెలిసిపోయింది.

"రోజూ పళ్లు తోముకోకముందే దీనికి నీళ్లు కొట్టీవోరమ్మా. ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా సేత కొట్టించినారు. నువ్వొచ్చీ రోజు మంచం కిందకి తోసీవోరు."

ఆరేళ్లు ఆ మంచం మీదే కూర్చుని టీ తాగాను.

"మరి నాకిచ్చిన ముద్ద, పిన్నీ?"

"అది షెడ్డులో ఉన్న మట్టేనమ్మా. కొత్తది."

కాల్చలేదు, నలపలేదు, అడగలేదు. వెయ్యి ముఖాలకి సైకిలెక్కి వెళ్లి అడిగిన మనిషికి, వచ్చినప్పుడల్లా ఎదురుగా కూర్చున్న నన్ను అడగడానికి ఆరేళ్లు నోరు రాలేదు. అడిగుంటే తిట్టేదాన్ని. తిట్టాక ఊఁ అనేదాన్నేమో కూడా. ఆ అవకాశం నాకివ్వలేదు. ఉత్త మట్టికి నా ఏడుపని పేరు పెట్టి, దానితో మా అమ్మని చేయించారు. ఇది మాత్రం నేను క్షమించలేను.

బేసిన్ ఇప్పుడు మా వంటింట్లో ఉంది. రెండు రోజులు దాని జోలికి పోలేదు, ఎండి పగిలిపోనీ అనుకున్నాను. మూడో రోజు గోనె ఎత్తితే ఎడమ చెంప మీద సన్నటి పగులు కనిపించింది. గడ్డం కింద ఆయన బొటనవేలి ముద్ర ఇంకా ఉంది. వేలు తడి చేసుకుని పగులు పూడ్చాను. ముద్రని మాత్రం ముట్టుకోలేదు.

అడగాల్సిన మనిషి లేడు. ఒప్పుకోవాల్సినదాన్ని నేనున్నాను, ఇంకా ఒప్పుకోలేదు. ఇవాళ పొద్దున్న కూడా పళ్లు తోముకోకముందే గోనె మీద నీళ్లు చిలకరించాను. గోడ మీద అమ్మ నవ్వుతోంది. కింద బేసిన్‌లో నేను ఏడుస్తూనే ఉన్నాను.